జీపు ఎత్తు పెంచుటకు ముందు

మా కోయిలకుంట్ల నుండి ఏ దిక్కునకు పోయినను నేల మారుచునే యుండును. ఊరి చుట్టును కుందేరు లోయ నల్లరేగడి. అవుకు, బనగానపల్లె దిక్కునకు పోయిన కొలది నాపరాతి గనులు, ఎర్రమల గుట్టలు. తూర్పున ఆళ్ళగడ్డ దాటి అహోబిలము చేరునప్పటికి నల్లమల కొండరాళ్ళు. భూగర్భ శాస్త్రజ్ఞులు మా ఊరి పేరనే ఒక రాతి పొరకు ‘కోయిలకుంట్ల సున్నపురాయి’ అని నామకరణము చేసినారు. ఇన్ని తీరుల నేలపై తిరుగవలసిన బండికి ఏ ఒక్క తీరు అమరికయు సర్వత్ర సరిపోదు. ఈ చిన్న సత్యమును మరచి మన యువకులలో కొందరు తమ జీపులను, థార్లను, పాత జిప్సీలను ఎత్తు లేపించుకొనుచున్నారు. ఎత్తు పెరిగిన బండి కాలేజీ గేటు ముందు నిలిచినచో నలుగురు చుట్టును మూగుట మేము చూచుచునే యున్నాము. ఆ విషయమై మాకు తోచిన నాలుగు మాటలు ఈ వార్షిక సంచిక ద్వారా తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును మనవి చేయుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ మాటలు చెప్పుటకు మాకేమి అర్హత యని ఎవరైనను అడుగవచ్చును. మాలో పలువురము మోటారు షెడ్ల నీడన పెరిగినవారము. బడి నుండి వచ్చి తండ్రికో, మామకో పానాలందించిన చేతులు మావి. కిరోసిన్ డబ్బాలో బేరింగులు కడిగి, గ్రీసు మరకల చొక్కాతోనే పాఠములు చదివినవారము. సీమ పట్టణములలో మోటారు మరమ్మతు పని ముస్లిం కుటుంబములలో అనేకులకు తరతరాల జీవనాధారము. కావున ఇది మాకు కేవలము ముచ్చట కాదు. మా ఇండ్ల అన్నము, మా మిత్రుల ప్రాణము రెండును దీనితో ముడిపడి యున్నవి.

మొదట ఒక మాటను గూర్చి చెప్పెదము. జీపు బరువును మోయు ఉక్కు పట్టీల దొంతరను మన షెడ్లలో ‘కమాను కట్ట’ అందురు. ‘కమాన్’ ఉర్దూలో విల్లు. ‘కట్ట’ అచ్చ తెనుగు. రెండు భాషలు కలిసి ఒక ఇరుసును మోయుచున్నవి! మన కళాశాలకు ఇంతకంటె తగిన చిహ్నము వేరొకటి ఉండునా? జీపు కథయు అట్టిదే. 1945లో కె.సి. మహీంద్రా, జె.సి. మహీంద్రా సోదరులును, మాలిక్ గులాం మహమ్మద్ గారును కలిసి ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అను సంస్థను నెలకొల్పిరి. దేశ విభజన తరువాత గులాం మహమ్మద్ గారు పాకిస్తానునకు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయిరి. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారెను. ఆ సంస్థ తయారుచేసిన విల్లీస్ తరహా జీపులే తరువాతి దశాబ్దములలో మన పల్లెల ధూళి త్రాగి, మన రోగులను ఆసుపత్రులకు, మన పెండ్లివారిని విడిదిండ్లకు చేరవేసినవి. ఆ జీపుల కమానులను సరిదిద్దిన చేతులు మన ఉస్తాదులవి. వారు ఏ పుస్తకములోను వ్రాసిపెట్టని విద్యయే ఈ వ్యాసమునకు సగము ఆధారము.

ఇక మమ్ము కలము పట్టించిన సంఘటన. మా తరగతి మిత్రుడొకడు తన అన్నగారి పాత జీపును ఒక పట్టణములోని షెడ్డునకు తీసికొనిపోయినాడు. అచట ఒక్క పూటలో నాలుగు షాకిళ్ళు మార్చి, పొడవైనవి వేసి, బండిని లేపి పంపినారు. చూపునకు బండి ఠీవిగా నుండెను. కాని ఆ నాటి నుండి స్టీరింగు చేతిలో నిలువక ఇటునటు తడబడుచుండెను. మలుపు తిప్పిన తరువాత తనంత తాను నేరుకు వచ్చుట మానెను. మిత్రుడు దానిని కొత్త బండి అలవాటు లేమి యనుకొనెను. వానకాలములో ఒకనాటి సాయంకాలము కాలువ గట్టు మీద ఎదురుగా బర్రెల మంద వచ్చినప్పుడు పక్కకు తప్పించబోయినాడు. బండి తిరిగెను గాని తిరిగి నిలువలేదు. గట్టు వాలులోనికి పక్కకు పొర్లెను. దైవకృపచే ప్రాణములు దక్కినవి. జబ్బ యెముక విరిగినది. పరీక్షల సంవత్సరము పోయినది. బండి బాగుచేయుటకు ఇంటివారు అప్పు చేసిరి. ఆ బండిని తరువాత పరిశీలించిన ముసలి ఉస్తాదు ఒకరు షాకిళ్ళను చేతితో తాకి చూచి మాతో అన్న మాట ఇది: “బేటా, బండి ఎంత లేపాల అని అడిగినారు గానీ, ఎందుకు లేపాల అని ఎవరూ అడగలేదు.”

ఆ ప్రశ్నయే మా వ్యాసమునకు ప్రాణము. ఎందుకు?

ఎత్తు పెంచుట వలన నిజముగా కలుగు ప్రయోజనములు లేకపోలేదు. బండి ముందుభాగము గట్టునకు తగులకుండ ఎక్కు కోణము, వెనుకభాగము నేలకు రాయకుండ దిగు కోణము, నడుమ పొట్ట దిబ్బ మీద ఆగకుండ దాటు కోణము — ఈ మూడును కొంత మెరుగగును. పెద్ద టైరు తొడుగుటకు చోటు దొరకును. పొలములకు, గనులకు నిత్యము పోవువారికి ఇవి అవసరమే కావచ్చును.

కాని యువకులలో పలువురు గ్రహించని రహస్యమొకటి కలదు. పాత జీపు, జిప్సీ వంటి బండ్లకు ఇరుసు ఒకే కడ్డీ వలె ఈ చక్రము నుండి ఆ చక్రము వరకు గట్టిగా నుండును. దాని నడుమ డిఫరెన్షియల్ బుర్ర వ్రేలాడుచుండును. కమానుల మీద బండి పెట్టెను ఎంత లేపినను ఆ బుర్ర నేల నుండి ఒక్క వెంట్రుకవాసియైనను లేవదు! ఏలయన ఇరుసు చక్రముల మీద ఆధారపడి యున్నది గాని కమానుల మీద కాదు. దానిని లేపునది టైరు ఒక్కటే. అదియు టైరు వ్యాసము రెండంగుళములు పెరిగినచో బుర్ర లేచునది ఒక్క అంగుళమే. ట్రాక్టరు చక్రముల గాళ్ళు పడిన రేగడి బాటలో జీపు ఎక్కడ చిక్కుపడునో గమనింపుడు. గాళ్ళ నడుమ మిగిలిన మిట్ట ఆ బుర్రనే పట్టుకొనును. బండి పెట్టెను నాలుగంగుళములు లేపినవాడు, లేపనివాడు ఇద్దరును అదే మిట్ట మీద ఆగుదురు. ఒకడు కొంచెము ఎత్తున కూర్చుండి ఆగును, అంతే భేదము.

దీనికి మూల్యమేమో చూతము. పాత జీపు చక్రముల నడిమి వెడల్పు సుమారు 48 అంగుళములు. దాని గురుత్వ కేంద్రము నేలకు 26 అంగుళముల ఎత్తున నున్నదనుకొందము. అప్పుడు సగము వెడల్పు 24ను ఎత్తు 26తో భాగించిన వచ్చునది 0.92, నిశ్చలముగా నున్న ఆ బండి సుమారు 43 డిగ్రీల పక్కవాలు వరకు పడదు. గురుత్వ కేంద్రము నాలుగంగుళములు లేచినచో 24ను 30తో భాగించవలెను. వచ్చునది 0.80, కోణము 39 డిగ్రీలకు దిగును. మూడు నాలుగు డిగ్రీలే కదా యని తేలికగా తీసికొనరాదు. మలుపులో పక్కకు త్రోయు బలమును తట్టుకొను శక్తి ఎనిమిదింట ఒక పాలు తగ్గినదని దాని అర్థము. అదియు కదలని బండి లెక్క. పరుగులో కమానులు ఒకవైపు క్రుంగును, మూటలు ఒరుగును, పైన మనుష్యులు కూర్చుందురు. అప్పుడు మిగులునది ఇంకను తక్కువ. మన పల్లెలలో జీపు ఎన్నడు ఒంటరిగా పోయినది? కూలీలు, బస్తాలు, బంధువులు — అందరు నెక్కిన తరువాతనే అది జీపు.

ఇక ఎత్తు పెంచు పద్ధతులు. షెడ్డులో అన్నిటికిని ఒకటే పేరు, ‘లేపుట’. కాని అవి ఒకదానికొకటి పోలికలేనివి.

అన్నిటికంటె చౌకయైనది, అన్నిటికంటె మోసకరమైనది పొడుగు షాకిలు. కమాను ఒక చివర పిన్నునకు బిగింపబడి యుండును. రెండవ చివర షాకిలు అను ఊగు పట్టీకి వ్రేలాడును. షాకిలు రెండంగుళములు పెంచినచో బండి ఇంచుమించు ఒక అంగుళము లేచును. ముందు కమానుల షాకిళ్ళు ముందువైపున నున్న పాత జీపులలో ఆ చివర క్రిందికి దిగుటచే ఇరుసు ముందునకు ఒరుగును. చక్రమును నేరుగా నిలుపునట్టి వెనుకవాలు, దీనినే మెకానిక్కులు కాస్టర్ అందురు, దాని వలన తగ్గిపోవును. సైకిలు ముందరి ఫోర్కు వంపును నిలువుగా సరిచేసిన ఏమగునో ఊహింపుడు. చేతులు వదలి త్రొక్కుట అసాధ్యమగును. మా మిత్రుని జీపునకు పట్టిన గతి ఇదియే. అంతేగాక పొడుగు షాకిలు పక్కకు ఊగును; బుష్షులు త్వరగా అరిగిపోవును.

రెండవది దిమ్మె పద్ధతి. ఇరుసునకును కమానునకును నడుమ ఇనుప దిమ్మె ఉంచి, పొడుగు యూ బోల్టులతో బిగింతురు. వెనుక ఇరుసునకు, పరిమితమైన ఎత్తులో, పోతదిమ్మెతో చేసినచో కొంతవరకు సహింపవచ్చును. కాని ఇరుసు తిరుగుడు బలము దిమ్మె ఎత్తు కొలది కమానును మరింత మెలిపెట్టును; గేరు వేసి గట్టిగా లాగినప్పుడు కమాను పాము వలె మెలికలు తిరుగును. ముందు ఇరుసునకు మాత్రము దిమ్మె ఎన్నడును తగదు. బ్రేకు పట్టు, స్టీరింగు రెండును అచటనే యున్నవి. దిమ్మె జారిన నాడు రెండును ఒకేసారి పోవును. ఒకదానిపై నొకటి పేర్చిన దిమ్మెలు ఎవరైనను వేసినచో ఆ బండిలో ఎక్కకుండుటయే క్షేమము.

మూడవది పట్టీ చేర్చుట. బరువులు మోయు బండ్లకు మన షెడ్లలో చిరకాలముగా చేయు పని ఇది. ఏడు పట్టీల కమానునకు అదే మందము పట్టీ ఎనిమిదవదిగా చేర్చినచో బిరుసు ఏడింట ఒక పాలు పెరుగును. కాని మందము పెరిగిన పట్టీ వేసినచో లెక్క వేరు. బిరుసు మందము ఘనమును అనుసరించి పెరుగును. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానములో 7 మిల్లీమీటర్ల పట్టీ వచ్చినచో దాని బిరుసు ఒకటిన్నర రెట్లకు పైగా అగును! ఎప్పుడును బరువుతో తిరుగు బండికి ఇది తగును. ఒంటరిగా తిరుగు విద్యార్థి బండికి ఇది శిక్ష. బిరుసైన కమాను గుంతలోనికి చక్రమును దించదు. ఒక చక్రము గాలిలో తేలినచో సాధారణ డిఫరెన్షియల్ ఇంజను బలమునంతయు ఆ గాలిలోని చక్రమునకే పంపును; నేల మీది చక్రము ఊరక నిలుచును. దారిలేని దారిలో పోవుటకై లేపిన బండి, లేపుట వలననే అచట ఆగిపోవుట — ఇంతకంటె విడ్డూరము గలదా?

నాలుగవది పాత కమానును సుత్తితో కొట్టి వంపు పెంచుట. చల్లగా కొట్టి వంపు తెచ్చిన ఉక్కు కొంతకాలమునకు మరల క్రుంగును. కొలిమిలో కాల్చి వంచి, సరిగా పదును పెట్టక వదలినచో ఉక్కు తన స్థితిస్థాపకతనే కోల్పోవును. పట్టీ ఒకనాడు గుంతలో పుటుక్కున విరుగును. మన కమ్మరుల నేర్పును మేము తక్కువ చేయుట లేదు. నాగలి కర్రుకు పెట్టు పదును వేరు, లక్షల పర్యాయములు వంగి లేవవలసిన కమాను పదును వేరు అనియే మా మనవి.

ఐదవది బండి పెట్టెకును ఛాసిస్‌కును నడుమ ముక్కలుంచి పెట్టెను మాత్రము లేపుట. దీని వలన పెద్ద టైరునకు చోటు దొరకును గాని ఛాసిస్ అడుగుభాగము లేవదు. స్టీరింగు కడ్డీ, గేరు కడ్డీ, రేడియేటరు గొట్టములు అన్నియు కొత్త అమరిక కోరును.

ఆరవది, మా అభిప్రాయమున సరియైనది, పూర్తి కమానుల జతను మార్చుట. సరియైన వంపు, బండి నిజముగా మోయు బరువునకు తగిన బిరుసు, తగిన పొడవు గల కొత్త కమానులు. వానికి సరిపోవు షాక్ అబ్సార్బర్లు. కొత్త బుష్షులు, కొత్త యూ బోల్టులు. ఒకసారి సాగి బిగిసిన యూ బోల్టును మరల వాడుట ఉస్తాదులు ఒప్పుకొనరు. దీనికి సొమ్ము ఎక్కువగును. కాని లేపుట అనునది ఒక వస్తువు కాదు, ఒక కుటుంబము. ఒకరిని మార్చినచో అందరును సర్దుకొనవలెను. షాక్ అబ్సార్బరు బండిని మోయదు. అది ఊగుటను అణచునది మాత్రమే. కమాను పొడుగై షాకు పొట్టిదైనచో చక్రము దిగునప్పుడు షాకే గొలుసు వలె దానిని పట్టి ఆపును, త్వరలో తెగును. బ్రేకు గొట్టము బిగుతుగా సాగినచో చక్రము పూర్తిగా దిగిన క్షణమున అది చీలిపోవును; ఆ క్షణమే బ్రేకు అత్యవసరమైన క్షణము. గేరుపెట్టె నుండి ఇరుసునకు పోవు షాఫ్టు వాలు పెరిగి క్రాస్ జాయింట్లు అరుగును, బండి వణుకును. దానికి కమాను క్రింద వాలుచెక్కవంటి ఇనుప ముక్క వేసి కోణము సరిచేయవలెను. స్టీరింగు లింకు వాలు పెరిగినచో గుంత వచ్చినప్పుడెల్ల చక్రము తనంత తాను తిరుగును. ఈ జాబితా అంతయు సరిచూచినవాడే నిజమైన ఉస్తాదు. ఎత్తు మాత్రమే కొలిచి సొమ్ము తీసికొనువాడు కాడు.

కొత్త బండ్ల విషయము మరియొక తీరు. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు మూలలను కమాను కట్టలే. 2010 నాటి తొలి థార్‌కు ముందు చక్రములు విడివిడిగా కదలు ఏర్పాటు, వెనుక కమాను కట్టలు. 2020 నాటి కొత్త థార్‌కు ముందు విడి చక్రములు, వెనుక గట్టి ఇరుసు, నాలుగింటను చుట్టుస్ప్రింగులు. 2023లో మన దేశమున వచ్చిన జిమ్నీకి రెండు ఇరుసులును గట్టివి, స్ప్రింగులు చుట్టువి. చుట్టుస్ప్రింగుపై ముక్క ఉంచి లేపుట సులభమే. కాని గట్టి ఇరుసును పక్కకు కదలకుండ పట్టు అడ్డకడ్డీ ఒకటి కలదు. బండి లేచిన కొలది ఆ కడ్డీ ఇరుసును ఒక పక్కకు లాగును. ముందు వెనుక చక్రములు ఒకే గాడిలో నడువవు. విడి చక్రముల బండిలో బాల్ జాయింట్లు, పక్క షాఫ్టుల జాయింట్లు తమ కోణపు హద్దును చేరును. తొలి థార్ టార్షన్ కడ్డీని బిగించి ముందుభాగమును లేపుదురు. మొత్తము కదలిక పెరగదు, క్రిందికి దిగు చోటు తరుగును. కొత్త థార్ కర్మాగారము నుండి వచ్చుటయే నేల నుండి 226 మిల్లీమీటర్ల ఎత్తుతో, జిమ్నీ 210 మిల్లీమీటర్ల ఎత్తుతో వచ్చుచున్నది. మన ఊరి చుట్టు బాటలకు ఇంతకు మించి కావలసినవారు నిజముగా ఎందరు?

అట్లయిన ఏమి చేయవలెను? మా నేలనే అడుగుదము. రేగడి బురదలో కావలసినది ఎత్తు కాదు, పట్టు. లోతైన గాళ్ళు గల టైరు, అందులో గాలి కొంత తగ్గించుట, బురదను వదలించుకొనునట్టి నడక — ఇవి మూడంగుళముల ఎత్తు కంటె ఎక్కువ మేలు చేయును. గట్టి బాట చేరగానే గాలి మరల నింపుట మరువరాదు. నాపరాతి గనుల బాటలో కావలసినది మెత్తని కమాను, మంచి షాకు, అడుగున ఇనుప రక్షక పలక. నల్లమల రాళ్ళలో కావలసినది చక్రము గుంతలోనికి దిగగల ఒదుగుబాటు. అహోబిలమున పావన నరసింహస్వామి సన్నిధికి అడవి దారిని యాత్రికులను చేరవేయు జీపు డ్రైవర్లను చూడుడు. వారిని నడిపించునది ఆడంబరము కాదు. తక్కువ గేరు, నెమ్మది, దారి తెలిసిన కన్ను. అడవి మన ఆటస్థలము కాదనియు, అనుమతి లేని దారులలో బండి తోలుట వన్యప్రాణులకు ద్రోహమనియు ఇచట చెప్పక తప్పదు.

ఇక కుందేరు. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతమున కుందేరు పొంగి పొర్లిన సంగతి ఎవరును మరువలేదు. లేపిన బండి గలవాడు వంక దాటగలనను ధైర్యము చేయును. ప్రవహించు నీరు సుమారు రెండడుగుల లోతున్నచో పెద్ద బండ్లను సైతము తేల్చి ఈడ్చుకొనిపోగలదు. కమాను ఎత్తు ప్రవాహమునకు సమాధానము కాదు. ఆగి యుండుటయే సమాధానము.

చట్టము మాటయు వినవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణచే అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగిన నాడు బీమా సంస్థకు అభ్యంతరము చెప్పుటకు మనమే సాకు ఇచ్చినవారమగుదుము. కావున ఏ మార్పుకైనను ముందుగా రవాణా కార్యాలయమున విచారించి అనుమతి పొందుటయే మార్గము.

ఇచట ఒక సంతోషకరమైన మాట. ఎన్నో ఏండ్ల పాత జీపు కమానులు క్రుంగి, ఒకటి రెండంగుళముల ఎత్తు అదివరకే కోల్పోయి యుండును. పట్టీల నడుమ రేగడి మట్టి చేరి త్రుప్పుపట్టి, కమాను కమానుగా పనిచేయుట మానియుండును. దానిని విప్పి, కడిగి, గ్రీసు పెట్టి, అరిగిన బుష్షులు మార్చి, క్రుంగిన కట్ట స్థానమున తయారీదారు కొలతలకు సరియైన కొత్త కట్ట వేసినచో, పోయిన ఎత్తు తిరిగి వచ్చును. అందు చట్టభంగము లేదు, స్టీరింగు తడబాటు లేదు. ఆ తరువాత కూడ ఎత్తు చాలదని అనుభవము చెప్పినచో అప్పుడు ఆలోచింపవచ్చును. ముందు అరిగినది బాగుచేయుట, తరువాత టైరు, తరువాత షాకు, అన్నిటికిని చివర ఎత్తు — ఇదియే మేము కోరు వరుస. నేటి యువకులు ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు.

‘డబ్బున్నవారికి చెల్లును గాని, పేదవాడు చౌక పద్ధతి గాక ఏమి చేయగలడు?’ అని కొందరు వాదింతురు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. మేమును కలవారి బిడ్డలము కాము. కాని పేదవాడే చౌక పద్ధతి భరింపలేనివాడు. ధనవంతుని బండి పొర్లినచో బండి మారును. పేదవాని బండి పొర్లినచో ఒక సంవత్సరపు చదువు, ఒక చెల్లెలి పెండ్లి, ఒక పంట పోవును. సొమ్ము చాలనప్పుడు సగము పని చేయించుట కంటె ఆ పని చేయింపకుండుటయే మేలు. ఏమియు లేపని జీపు తన తయారీదారుని బుద్ధితో నడచును. సగము లేపిన జీపు ఎవరి బుద్ధితోను నడువదు.

మా షెడ్ల పెద్దలకు కూడ ఒక మాట సవినయముగా విన్నవింతుము. గిరాకీ అడిగినదెల్ల చేసి పంపుట ధర్మము కాదు. వైద్యుడు రోగి అడిగిన మందే ఇచ్చునా? ‘ఇది చేయను బేటా, ఇది ప్రమాదము’ అని చెప్పి ఒక్క బేరము వదలుకొన్న ఉస్తాదు పేరు ఊరిలో పది కాలములు నిలుచును. ఆ మాట చెప్పు ధైర్యమునకు వెనుక లెక్క, కొలత, చదువు ఉండవలెను. అందుకే మా చివరి విన్నపము కళాశాల కమిటీ వారికి.

మన కళాశాల భౌతికశాస్త్ర తరగతిలో స్ప్రింగును గూర్చి, గురుత్వ కేంద్రమును గూర్చి పాఠము చెప్పుదురు. గేటు బయట షెడ్డులో అదే స్ప్రింగు, అదే గురుత్వ కేంద్రము మనుష్యుల ప్రాణములను మోయుచున్నవి. ఈ రెండింటి నడుమ గోడ ఎందుకు? నెలకొక ఆదివారము అనుభవము గల ఉస్తాదులను ఆహ్వానించి, ఒక పాత జీపు ఇరుసును ప్రాంగణమున నిలిపి, అధ్యాపకులు లెక్కను, ఉస్తాదులు పనిని చెప్పునట్లు ఏర్పాటు చేయుడని కోరుచున్నాము. షెడ్డులో వాడు మాటలను — కమాను, షాకిలు, క్రాసు, హౌసింగు — ఉర్దూ తెలుగు రెండింటను అర్థములతో సేకరించి ఒక చిన్న పుస్తకము కూర్చుటకు మేము సిద్ధముగా నున్నాము. వయోవృద్ధులైన ఉస్తాదులు ఒక్కొక్కరుగా పని మానుకొనుచున్నారు. వారితో పాటు వారి విద్యయు షెడ్డు తలుపు మూసికొనిపోవుట మనకు తగదు.

మా మిత్రుడు ఈ సంవత్సరము మరల తరగతికి వచ్చుచున్నాడు. ఆ జీపు కూడ బాగైనది. ముసలి ఉస్తాదు పాత కొలతల షాకిళ్ళే వేసి, కొత్త కమానులు, కొత్త బుష్షులు బిగించి పంపినాడు. అది ఇప్పుడు పూర్వపు ఎత్తుననే నిలిచియున్నది. గేటు ముందు ఆగినప్పుడు దాని చుట్టు ఎవరును మూగుట లేదు. కాని మలుపు తిరిగిన వెంటనే స్టీరింగు తనంత తాను నేరుకు వచ్చుచున్నదని మా మిత్రుడు చెప్పినాడు. ఆ మాట చెప్పునప్పుడు అతని మొగమున కనిపించిన ఊరట, ఏ ఎత్తైన జీపు యజమాని మొగమునను మేము చూచి యుండలేదు.